పల్చటి మాటు

ఖాదర్ వలి మాటు వేసిన బిందె మళ్ళీ కారిందని చెప్పినవాడు కారంపూడిలో లేడు. ఆ బిందెకు ఇంకోచోట చిల్లు పడితే పడొచ్చుగానీ, ఆయన వేసిన మాటు మాత్రం ఇంటి కోడలు ముసలిదయ్యేదాకా అలాగే ఉండేది. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. తగరం దగ్గర ఆయనకు లోభం తెలియదు. కళాయి పూసినా, మాటు వేసినా, కావలసినదానికి రెండింతలు పోసేవాడు. నలుగురు తినే గిన్నె దగ్గర పిసినారితనం చూపినవాడి నోటికి సొంత అన్నం చేదవుతుందని తండ్రి ఎప్పుడో చెప్పిన మాట. చెప్పినవాడు పోయాడుగానీ ఆ మాట కొడుకు చేతుల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది. తగరమంతా ఊళ్ళోవాళ్ళ బిందెలకే పోస్తున్నావని భార్య సయీదా సణిగేది. ఆయన వినేవాడు, వింటూనే ఇంకాస్త పోసేవాడు.

ఆ మంచి చెయ్యే ఆయన్ని ముంచింది.

ఊళ్ళో బ్రహ్మయ్య అని ఒక మోతుబరి రైతు ఉన్నాడు. వయసు ముప్ఫై, నోరు యాభై. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న మోటారు సైకిలు ఒకటి గుంటూరులో కొనుక్కొచ్చాడు. దానికి పచ్చరంగు, లావు టైర్లు, గాడిద గొంతు. చేలగట్ల మీదా, వాగు ఇసుకలోనూ, ఎద్దు పోగలిగిన చోటల్లా అది పోయేది. అది వచ్చినప్పటి నుంచీ బ్రహ్మయ్య కాలు నేలమీద ఆనలేదు. నాలుగిళ్ళ అవతల తగువు తీర్చాలన్నా దాన్నెక్కే వెళ్ళేవాడు.

ఆ బండి కార్బరేటరు పక్కన ఒక చిన్న డబ్బా ఉంటుంది. అందులో కోడిగుడ్డంత ఇత్తడి బుడ్డి పెట్రోలు మీద తేలుతూ ఉంటుంది. దాన్ని ఫ్లోటు అంటారని బ్రహ్మయ్య ఊరందరికీ చెప్పాడు. డబ్బాలో పెట్రోలు తగినంత చేరగానే ఆ బుడ్డి పైకి లేచి, తనకు తగిలించిన సూదిని లాగి, పెట్రోలు వచ్చే దారి మూసేస్తుంది. ఇంజను తాగే కొద్దీ బుడ్డి దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. మొన్న వానాకాలంలో ఆ బుడ్డికి సూదిమొనంత చిల్లు పడింది. కొత్తది మద్రాసులో కూడా దొరకదన్నారు. అందుకని అది ఖాదర్ వలి కొలిమి దగ్గరికి వచ్చింది. మోటారు వస్తువు మొట్టమొదటిసారి తన చేతికి వచ్చిందన్న ముచ్చటతో, ఆయన తన అలవాటు కొద్దీ ఆ చిల్లు మీదా దాని చుట్టూ తగరం దిట్టంగా పోసి, నున్నగా మెరిపించి ఇచ్చాడు.

మాటు ఆగింది. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లోపల చుక్క చప్పుడు లేదు. కానీ ఆ రోజు నుంచీ బండి పెట్రోలు కక్కడం మొదలుపెట్టింది. బ్రహ్మయ్య ఒక చెయ్యి హ్యాండిలు మీదా, ఒక చెయ్యి పెట్రోలు కుళాయి మీదా పెట్టుకుని, తిప్పుతూ కట్టేస్తూ నడపాల్సి వచ్చింది. సాయిబు చెయ్యి పడ్డాక నా బండికి విరేచనాలు పట్టుకున్నాయని సంత మధ్యలో నిలబడి చెప్పేవాడు. జనం నవ్వేవారు. ఖాదర్ వలి ఆ బుడ్డిని పదేపదే విప్పి చూశాడు. తప్పు ఎక్కడుందో అంతుపట్టలేదు. కారని మాటులో తప్పు వెతకడం ఆయనకు చేతకాలేదు.

అలాంటి రోజుల్లో సాబిరాకు జ్వరం వచ్చింది.

సాబిరాకు అయిదేళ్ళు. ముందు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోగా, ఖాదర్ వలికీ సయీదాకూ మిగిలిన ఒక్క బిడ్డ. జ్వరం, గొంతు నొప్పి అనుకుని మిరియాల కషాయం పోశారు. మర్నాడు పొద్దున పిల్ల ఊపిరి తీస్తుంటే రంపం కోసినట్టు చప్పుడు రావడం మొదలైంది. ఊళ్ళో వైద్యం చేసే కాంపౌండరు దీపం పెట్టి నోట్లోకి చూశాడు. గొంతులో బూడిదరంగు పొర. కంఠసర్పి అన్నాడు. ఆ పేరు వింటేనే తల్లులు బిడ్డల్ని కొంగుల్లో దాచుకునే కాలమది. నరసరావుపేట పెద్దాసుపత్రిలో సూదిమందు ఉందనీ, పొద్దుగూకే లోపల పడకపోతే ఆ పొర గొంతు మూసేస్తుందనీ చెప్పి, ఖాదర్ వలి కళ్ళల్లోకి చూడలేక తల తిప్పుకున్నాడు.

బొగ్గుతో నడిచే బస్సు మాచర్లలో చెడిపోయి పడుంది. రైలు పొద్దున్నే పోయింది. ఎద్దుల బండి కడితే చేరేసరికి మళ్ళీ తెల్లారుతుంది. పైన ఎక్కడో వానలు పడి దగ్గర దారిలో వాగు పొంగింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఊళ్ళో వేగంగా పోగలిగింది ఒక్కటే ఉంది, దాన్ని పాడుచేసింది తనే. ఖాదర్ వలి పిల్లనెత్తుకుని బ్రహ్మయ్య వాకిట్లో నిలబడ్డాడు. బ్రహ్మయ్య పిల్ల ఊపిరి విన్నాడు. వెంటనే బండి బయటికి లాగాడు.

“ఎక్కు సాయిబూ. నీ పనిముట్ల సంచి కూడా మెళ్ళో తగిలించుకో. ఇది దారిలో ఏం చేసిద్దో నాకు తెలవదు” అన్నాడు.

సయీదా ఊరి చివరిదాకా బండి వెనక పరిగెత్తింది. ఆ తర్వాత దుమ్ములో కనిపించలేదు.

చుట్టు తిరిగి పోయే పిడుగురాళ్ల దారంతా గతుకులు. బండి ఎగిరినప్పుడల్లా కార్బరేటరులోంచి పెట్రోలు చిమ్మి ఖాదర్ వలి కాలు తడిసేది. కూపన్ల మీద ఇచ్చే పెట్రోలు, బ్రహ్మయ్య ఇంట్లో ఉన్నదంతా టాంకులో పోసుకొచ్చాడు. అది కళ్ళముందే రోడ్డు పాలవుతోంది. సాబిరా తండ్రి ఛాతీకి వీపు ఆనించి కూర్చుంది. ఏడవడం కూడా మానేసింది. ఏడ్చేందుకు ఊపిరి కావాలి కదా. ఆ చిన్న పక్కటెముకలు తన అరచేతి కింద లోపలికి గుంజుకుపోవడం తండ్రికి తెలుస్తోంది. యా అల్లా, నా ఊపిరి తీసి దీనికియ్యి అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

సున్నపు బట్టీలు కనిపించే చోట బండి రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఆగిపోయింది. కార్బరేటరు పొంగి కింద ధార కట్టింది. బ్రహ్మయ్య కుళాయి కట్టేసి, ప్లగ్గు విప్పి తుడిచి, కాలితో తన్నీ తన్నీ చెమటలు కక్కాడు. ఇంజను గుటకలు వేసిందిగానీ అందుకోలేదు. చుట్టూ ఎండ, సున్నపు దుమ్ము. రోడ్డు మీద పురుగు లేదు.

దగ్గర్లోని బట్టీ నుంచి ఒక ఆడమనిషి తలగుడ్డ విప్పుతూ వచ్చింది. పేరు ఆరోగ్యమ్మ, బట్టీకి రాళ్ళు మోసే కూలి. మనిషి ఎండిన కందికట్టెలా ఉంది. పిల్లను రోడ్డు పక్కన నీడలో పడుకోబెట్టబోతున్న ఖాదర్ వలి చెయ్యి పట్టుకుని ఆపింది.

“పడుకోబెట్టమాక సాయిబూ. ఈ చప్పుడు నేనెరుగుదును. కూర్చోబెట్టే ఉంచాలి, ఇటియ్యి” అంది.

ఎక్కడ ఎరుగునో ఆయన అడగలేదు. అడగనక్కర లేకుండా ఆమె ముఖంలోనే ఉంది. పిల్లను ఆమె ఒళ్ళో పెట్టి, కార్బరేటరు డబ్బా విప్పి, ఇత్తడి బుడ్డి బయటికి తీశాడు. చెవి దగ్గర ఆడించాడు. చుక్క చప్పుడు లేదు. మాటు తప్పనిసరిగా ఎక్కడో కారుతూ ఉండాలి, లేకపోతే ఈ పొంగడమేమిటి? ఆరోగ్యమ్మ పిల్ల పెదాలు తడపడానికి తెచ్చిన నీళ్ళ మట్టిబానలో బుడ్డిని వేశాడు. చిల్లుంటే బుడగ రావాలి. రాలేదు. ఆ బుడగ కోసం ఆయన ఎంత ఆశగా చూశాడో చెప్పలేం. బుడగ వస్తే మాటు వేయొచ్చు, మాటు వేయడం తనకు వచ్చు. బుడగ రాకపోతే తనకు వచ్చిన విద్య అయిపోయినట్టే.

“ఇంకాస్త తగరం పొయ్యరాదా” అన్నాడు బ్రహ్మయ్య, ఏమీ తోచక.

ఖాదర్ వలి సంచిలో చెయ్యి పెట్టాడు కూడా. అప్పుడే ఆరోగ్యమ్మ బానలోకి చూసింది.

“ఏంది, నీ బుడ్డి నిండుచూలాలు మాదిరి ఒక పక్కకి వొరిగి తేలతంది” అంది.

ఆమె మామూలుగానే అంది. ఖాదర్ వలి చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. బాన ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. కాగితంలాంటి ఇత్తడి రేకుతో చేసిన బుడ్డి. సగానికి సగం పైకి తేలాలి. ఇది మెడదాకా మునిగి, తగరం పోసిన వైపుకు ఒరిగి, కాస్త నెత్తి మాత్రమే పైకి కనిపిస్తూ తేలుతోంది. ఇన్నాళ్ళూ లోపలికి పెట్రోలు చేరిందా అని చూశాడేగానీ, బయట తను ఎక్కించిన బరువును చూడలేదు. ఈ బరువుతో బుడ్డి లేచేసరికే పెట్రోలు గట్టు దాటుతోంది. సూది దారి మూయకముందే డబ్బా పొంగుతోంది. కారేది మాటు కాదు. ముంచేది మాటు.

బుడ్డిని సూదికి కాస్త కిందకి దించి తగిలిస్తే తొందరగా మూసుకుంటుంది కదా అన్నాడు బ్రహ్మయ్య. మంచి మాటేగానీ ఆ సూదికి ఒకే ఒక గాడి ఉంది, జరపడానికి చోటు లేదు. బరువు తీయడం తప్ప ఇంకో దారి లేదు.

“నేనే పోశాను బాబూ. నా చేత్తో నేనే ముంచాను” అన్నాడు ఖాదర్ వలి.

బ్రహ్మయ్యకు సంతలో తను వేసిన వేళాకోళాలు గుర్తొచ్చాయో ఏమో, తిట్టలేదు. “ఏడుపు తర్వాత. ముందు తీసెయ్యి” అన్నాడు.

పెట్రోలు దగ్గర నిప్పు పనికిరాదు కనుక బండిని అక్కడే వదిలి, బుడ్డి ఒక్కటి పట్టుకుని ఖాదర్ వలి బట్టీ నోటి దగ్గరికి పరిగెత్తాడు. మాటుకడ్డీ నిప్పుల్లో పెట్టాడు. బుడ్డికి తడిగుడ్డ చుట్టి, తగరం ఉన్న చోటు మాత్రం బయటికి ఉంచాడు. వేడి ఎక్కువైతే లోపలి గాలి ఉబ్బి బుడ్డి పగులుతుంది. పగిలితే అంతే, ఇంకో బుడ్డి లేదు. కడ్డీ ఎర్రబడింది. కళాయికి వాడే నవాసారం గడ్డ మీద రాస్తే తెల్లటి పొగ లేచింది. తగరం కరిగి మెరవగానే దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. జీవితమంతా ఆ దూదితో తగరం పూశాడు. ఇప్పుడదే దూదితో తీస్తున్నాడు.

తీసి బానలో వేశాడు. కాస్త లేచింది. చాలలేదు.

మళ్ళీ కాల్చాడు, మళ్ళీ తుడిచాడు. చెయ్యి మొరాయిస్తోంది. అంచు దగ్గరికి రాగానే వేళ్ళు తమంతట తామే ఆగిపోతున్నాయి. ఇంతకన్నా పల్చగా ఉంటే ఆగదు, ఊడిపోతుంది, పేరు పోతుంది అని ముప్ఫై ఏళ్ళ అలవాటు చెబుతోంది. అవతల ఆరోగ్యమ్మ ఒళ్ళోంచి ఆ రంపం చప్పుడు వినిపిస్తోంది. ఒక్కోసారి మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఖాదర్ వలి ఊపిరి కూడా ఆగి, మళ్ళీ చప్పుడు వచ్చాకే కదులుతోంది. పళ్ళు బిగించి గట్టిగా తుడిచాడు. బానలో వేస్తే బుడ్డి ఎగిరి సగం పైకి తేలింది. దాని పక్కనుంచి చిన్న బుడగ వచ్చింది.

చిల్లు తెరుచుకుంది.

ఆయన అక్కడే నేలమీద తల బాదుకున్నాడు. బ్రహ్మయ్య రెక్క పట్టి లేపాడు. చెమట ఆరకుండానే ఖాదర్ వలి బుడ్డిని నిప్పు సెగకు పట్టి తడి ఆర్చి, కడ్డీ కొనమీద ఆవగింజంత తగరం తీసుకున్నాడు. ఇంకాస్త తీసుకోమని వేళ్ళు పోరుపెట్టాయి. తీసుకోలేదు. ఆ గింజను చిల్లు మీద పెట్టి, కరగగానే కడ్డీ తీసేశాడు. మాటు కంటికి కూడా సరిగా ఆనలేదు. ఇలాంటి మాటు ఇంకెవరైనా వేసుంటే బిందె వీధిలోకి విసిరేసేవాడు.

బానలో వేశాడు. బుడగ లేదు. సగం నీళ్ళలో, సగం పైన, నిటారుగా తేలింది.

బుడ్డిని సూదికి తగిలించి, డబ్బా మూత బిగించి, కుళాయి తిప్పారు. ముగ్గురూ కార్బరేటరు కిందికే చూశారు. ఒక చుక్క వేలాడి, అలాగే నిలిచింది. రెండోది రాలేదు. బ్రహ్మయ్య తన్నిన రెండో తన్నుకు ఇంజను అందుకుంది. ఇన్నాళ్ళూ దగ్గుతూ మూలిగిన గాడిద గొంతు తీరుగా, సమంగా పలికింది.

ఖాదర్ వలి పిల్లనందుకోబోయాడు. బ్రహ్మయ్య మాత్రం టాంకు మూత తీసి పుల్ల ముంచి చూస్తున్నాడు. పుల్ల చివర మాత్రమే తడిసింది. ఆ పుల్ల వంకా, ఖాదర్ వలి వంకా చూశాడు.

ఖాదర్ వలికి అర్థమయింది. కొలిమి తిత్తి ఊది ఊది ఎద్దులా పెరిగిన ఒళ్ళు తనది. ముందు దారంతా ఎగుడు. ఈ పుల్ల తడిసినంత పెట్రోలుతో ఇద్దరు మగాళ్ళను బండి లాగలేదు. బిడ్డను పట్టుకునేందుకు వెనక ఒకరు ఉండాలి, ఆ ఒకరు బరువు కాకూడదు. తుడిచేయాల్సింది ఇంకా మిగిలే ఉంది. అది తనే.

సాబిరా తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. చావుబతుకుల్లో ఉన్న బిడ్డను ఊరూ పేరూ తెలియని మనిషి చేతుల్లో పెట్టి రోడ్డు మీద నిలబడిపోవడం ఏ తండ్రికి చేతనవుతుంది? ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పాడు. విప్పుతున్నంతసేపూ తన పేగులు తనే తెంపుకుంటున్నట్టుంది.

“అక్కా, నువ్వెక్కు. నా బిడ్డ నీ ఒళ్ళో పోయినా సరే, నా ఒళ్ళో దారిలో ఆగిపోగూడదు” అన్నాడు.

ఆరోగ్యమ్మ బట్టీ వైపు ఒకసారి చూసింది. మేస్త్రీ అరుస్తున్నాడు. తలగుడ్డతో పిల్లను తన ఒంటికి కట్టుకుని బండెక్కింది. మోటారెక్కడం ఆమెకు అదే మొదలు. కళ్ళు గట్టిగా మూసుకుని, నిటారుగా కూర్చుంది. దుమ్ము లేచింది. గాడిద గొంతు సన్నబడి సన్నబడి వినపడకుండా పోయింది.

ఖాదర్ వలి ఆ దారినే నడిచాడు. తల ఎత్తలేదు. చక్రం గాడి పక్కన దుమ్ములో పెట్రోలు మరకల కోసం వెతుకుతూ నడిచాడు. మరక కనిపిస్తే మాటు ఊడినట్టు. ఆకు నీడ పడినా ఆగేవాడు. కూర్చుని వేలితో తడిమి, పొడిగా ఉందని తెలిశాక లేచేవాడు. చూపు ఆననంత చీకటి పడ్డాక సున్నం తోలే బండివాడొకడు ఎక్కించుకున్నాడు. తెల్లారేసరికి ఆసుపత్రి గేటు దగ్గర దిగాడు.

గేటు పక్కన పచ్చబండి గోడకు ఆనించి ఉంది. ఆయన ముందు దాని కింద చూశాడు. నేల పొడిగా ఉంది. అరుగు మీద పడుకున్న బ్రహ్మయ్య లేచి కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయింది. పెట్రోలు నరసరావుపేట ఊరి మొగలోనే అయిపోయిందనీ, అక్కణ్ణించి ఆరోగ్యమ్మ పిల్లనేసుకుని పరిగెత్తిందనీ, తను బండి తోసుకొచ్చాననీ చెప్పాడు. “నువ్వే గనక ఎక్కుంటే సాయిబూ...” అని మొదలుపెట్టి ఆపేశాడు.

ఖాదర్ వలి పిల్ల ఎలా ఉందని అడగడానికి కూడా ఆగలేదు. లోపలికి నడిచాడు.

ఆరోగ్యమ్మ గోడకు జారగిలబడి నేలమీద కూర్చుంది. ఆమె ఛాతీకి ఆనుకుని సాబిరా కూర్చునే ఉంది. పిల్ల మెడకు తెల్లటి గుడ్డ పట్టీ కట్టి ఉంది. దాని మధ్యలో ఏదో మెరుస్తోంది. సూదిమందు పనిచేసేలోగా ఊపిరి ఆగిపోతుందని, డాక్టరు గొంతు కింద చిన్నగా కోసి వెండి గొట్టం పెట్టాడట. రాత్రంతా ఆమె దాన్ని తుడుస్తూ కూర్చుందట.

ఖాదర్ వలి వంగి ఆ గొట్టాన్ని చూశాడు. చిటికెన వేలంత లేదు. దాని అంచు చూశాడు. కాగితమంత పల్చటి రేకు. ఇంకెక్కడైనా అయితే, ఇది పని కాదు పొమ్మనేవాడు.

“ఇంత పల్చగా ఉంది. ఆగుద్దా అక్కా?” అన్నాడు.

“రాత్రంతా ఆగింది” అంది ఆరోగ్యమ్మ.

మాటల చప్పుడుకు సాబిరా కళ్ళు తెరిచింది. తండ్రిని గుర్తుపట్టి పెదాలు కదిపింది. ‘అబ్బా’ అని తండ్రిని పిలిచినట్టు కదిలాయిగానీ శబ్దం రాలేదు. ఆయన ముఖం దగ్గరగా పెట్టాడు. ఆ సన్నటి గొట్టంలోంచి వెచ్చటి గాలి వచ్చి ఆయన చెంపకు తగిలింది.